నాచు కోతకు లైసెన్స్ అడిగే ముందు, అది ఎక్కడి నాచో తేల్చుకోండి

ప్రశ్న: మాది నాయుడుపేట దగ్గర పల్లె. చెన్నై మాధవరంలో ఎరువులు, పురుగుమందుల దుకాణం నడుపుతున్నాను. మిరప, వరి రైతులు సముద్ర నాచు ద్రావణం బాగా అడుగుతున్నారు. ఏడాదికి 10 టన్నుల ఎండు నాచు సంపాదించి సొంతంగా తయారు చేద్దామని ఆలోచన. రామేశ్వరం వైపు నుంచి ఒక వ్యాపారి 'కట్టకోరై' పంపిస్తానంటున్నాడు. పులికాట్‌లో మా బావమరిదికి పడవ ఉంది. సరస్సులోనే కావలసినంత నాచు ఉంది, మనమే కోయిద్దాం బావా అంటున్నాడు. ఇంతలో ఒక ఏజెంటు వచ్చి 60 వేలు ఇస్తే 'సీవీడ్ హార్వెస్టింగ్ లైసెన్స్' ఇప్పిస్తానని వెంటపడుతున్నాడు. ఈ లైసెన్స్ నిజంగా ఎవరిస్తారు? ఎంత కోయొచ్చో ఎవరు చెబుతారు?
– మాధవరం పాఠకుడు, చెన్నై

సమాధానం: ఏజెంటుకు డబ్బు ఇవ్వకండి. ఒక్క కాగితం చేతిలో పెట్టుకుని తీరం పొడవునా ఎక్కడైనా నాచు కోసుకునే లైసెన్స్ మన దేశంలో లేదు. ఆయన తెచ్చిచ్చేది ఉద్యమ్ రిజిస్ట్రేషనో, ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషనో, పడవ కాగితమో అయ్యుంటుంది. వాటి పని వాటికి ఉంది. సముద్రంలో పెరిగిన నాచు మీద చెయ్యి వేసే హక్కు మాత్రం వాటిలో ఏదీ ఇవ్వదు. తమిళనాడు సముద్ర మత్స్య నియంత్రణ చట్టం, 1983 కింద పడవకు రిజిస్ట్రేషన్ ఉండటం అవసరమే, కానీ అది చేపల వేటకు సంబంధించింది. ఏజెంటు ఇంకా పట్టుబడితే కొన్ని ప్రశ్నలు కాగితం మీద రాసి ఇవ్వండి. ఏ చట్టంలో ఏ సెక్షన్ కింద ఇస్తారు, సంతకం పెట్టే అధికారి హోదా ఏమిటి, ఏ ఊరి తీరంలో ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా, ఏ జాతి నాచు, ఎన్ని కిలోలు, ఏ తేదీ వరకు. రాతపూర్వకంగా జవాబు రాదు.

అనుమతి అనేది మనిషిని బట్టి కాదు, చోటును బట్టి వస్తుంది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు మత్స్య వ్యవహారాలు రాష్ట్ర ప్రభుత్వానివి. అదే నీళ్లలో అభయారణ్యమో నేషనల్ పార్కో ఉంటే అక్కడ మాట అటవీ శాఖది. ఎక్కడ తీసినా, దాన్ని వ్యాపారానికి వాడితే జీవవైవిధ్య చట్టం వచ్చి చేరుతుంది. కాబట్టి మీకు వచ్చిన రెండు దారులనూ విడివిడిగా చూడాలి.

ముందు బావమరిదిగారి మాట. పులికాట్‌లో గ్రాసిలేరియా జాతి ఎర్ర నాచు ఉన్న మాట నిజమే. కానీ సరస్సు రెండు రాష్ట్రాల్లోనూ పక్షుల అభయారణ్యం. సూళ్లూరుపేట వైపు ఫ్లెమింగోలు దిగే నీళ్లూ, తమిళనాడు వైపు పళవేర్కాడు నీళ్లూ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కిందికే వస్తాయి. ఆ చట్టం కాపాడేది పక్షుల్నీ జంతువుల్నీ మాత్రమే కాదు, వాటి ఆవాసంలో భాగమైన నీటి మొక్కలు కూడా దాని పరిధిలో ఉన్నాయి. 29వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోంచి ఏదైనా తీయాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. ఆ అనుమతి కూడా అక్కడి వన్యజీవుల మేలు కోసం ఆ తీత అవసరమని ప్రభుత్వానికి అనిపిస్తేనే ఇస్తారు. అలా తీసిన అటవీ ఉత్పత్తిని చుట్టుపక్కల జనం సొంత అవసరాలకు వాడుకోవచ్చు, వ్యాపారానికి వాడకూడదని అదే సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. మీరు అడుగుతున్నది 10 టన్నుల వ్యాపారం. ఆ తలుపు మీకు తెరుచుకోదు. అతిక్రమిస్తే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పడవను కూడా స్వాధీనం చేసుకుంటారు, అది బావమరిదిగారి బతుకుతెరువు.

చట్టాన్ని పక్కన పెట్టి చూసినా పులికాట్‌లో ఆ పని వద్దనే అంటాం. అక్కడి మత్స్యకారులు తరతరాలుగా 'పాడు' పద్ధతిలో, ఏ రోజు ఏ రేవులో ఎవరు వల వెయ్యాలో వంతులు వేసుకుని బతుకుతున్నారు. రొయ్య పిల్లలు, పీత పిల్లలు దాక్కుని పెరిగేది ఈ నాచులోనే, నీటి గడ్డిలోనే. మీరు నాచు గీకేస్తే పక్కవాడి వంతులో రొయ్య తగ్గుతుంది. ఆ తగాదా మీ ఎరువుల దుకాణానికి కాదు, పడవ ఉన్న మీ బంధువుకు చుట్టుకుంటుంది.

ఇక రామేశ్వరం సరుకు. ఇక్కడే అసలు జాగ్రత్త కావాలి, ఎందుకంటే అక్కడి నుంచి వచ్చే నాచులో సక్రమమైనదీ ఉంటుంది, కానిదీ ఉంటుంది, బస్తా పైనుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా ఉన్న 21 దీవులను, వాటి చుట్టూ ఉన్న లోతు తక్కువ నీళ్లను 1986లో మన్నార్ సింధుశాఖ మెరైన్ నేషనల్ పార్కుగా ప్రకటించారు. 1989లో దాని చుట్టూ పెద్ద ప్రాంతం బయోస్ఫియర్ రిజర్వ్ (జీవావరణ రక్షిత ప్రాంతం) అయింది. దీవుల చుట్టూ ఉన్న పార్కు నీళ్లలో కోత నిషేధం. పార్కు బయట, ఊళ్ల ముందున్న తీరంలో స్థానిక మత్స్యకార మహిళలు సంప్రదాయంగా ఏరుకునే నాచు వేరు. వ్యాపారి 'రామేశ్వరం సరుకు' అని ఊరుకుంటే చాలదు. ఏ ఊరి రేవులో దిగింది, ఏ సంఘం మహిళలు తెచ్చారు, పార్కు హద్దుకు ఇవతలా అవతలా, ఇది రాయించుకోవాలి.

ఆ మహిళల గురించి తెలుసుకోకుండా ఈ వ్యాపారంలోకి దిగకూడదు. పాంబన్, చిన్నపాలెం వైపు ఆడవాళ్లు వేళ్లకు గుడ్డ పీలికలు చుట్టుకుని, కళ్లకు గాగుల్స్ పెట్టుకుని, ఊపిరి బిగబట్టి మునిగి, రాళ్ల మధ్య నుంచి నాచు తీసి నడుముకు కట్టుకున్న సంచీలో వేసుకుంటారు. పార్కు రాకముందు నుంచీ వాళ్ల పని అదే. పార్కు వచ్చాక హక్కుల కోసం అటవీ శాఖతో ఏళ్ల తరబడి పోరాడుతూనే, నెలకు 12 రోజులే కోతకు వెళ్లాలని తమకు తామే కట్టుబాటు పెట్టుకున్నారు. చిన్నపాలెం నుంచి ఈ మహిళల సంఘాన్ని నడిపించిన లక్ష్మీ మూర్తికి, దీవుల పర్యావరణాన్ని కాపాడేవాళ్లకు ఇచ్చే సీకాలజీ పురస్కారం 2015లో వచ్చింది. మన దేశంలో అడవి నాచు (సాగు చేయకుండా సముద్రంలో దానంతటదే పెరిగేది) కోతకు నిజంగా అమలైన నియంత్రణ ఏదైనా ఉంటే అది ఈ ఆడవాళ్లు పెట్టుకున్నదే. రేపు ప్రభుత్వం లైసెన్స్ విధానం తెస్తే అది వాళ్ల కట్టుబాటు నుంచే మొదలవ్వాలి, మొదటి హక్కు వాళ్లకే దక్కాలి. ఇది మా గట్టి అభిప్రాయం. చెన్నై నుంచి 10 టన్నుల ఆర్డరు పెట్టే కొత్త కొనుగోలుదారు ఆ 12 రోజులను 20 చేయమని ఒత్తిడి పెట్టే వాడు కాకూడదు.

నాచు పేర్లు తమిళంలోనే వ్యాపారంలో నడుస్తాయి, వాటిని గుర్తుపెట్టుకోండి. 'కట్టకోరై' అంటే సర్గాసమ్. గోధుమ రంగులో, చిన్న చిన్న గాలి బుడగలతో, రెండు మూడు అడుగుల కొమ్మలుగా పెరుగుతుంది. 'పకోడా పాసి' అంటే టర్బినేరియా, పేరుకు తగ్గట్టే ముద్దలుగా, గరుగ్గా ఉంటుంది. ఈ రెండూ ఆల్జినేట్ (గోధుమ నాచు నుంచి తీసే జిగురు) ఫ్యాక్టరీలకు, ద్రవ ఎరువులకు పోతాయి. 'మరికొళుందు' అంటే జెలిడియెల్లా, 'కంజి పాసి' అంటే గ్రాసిలేరియా ఎడ్యులిస్. ఈ రెండూ అగర్ (ఎర్ర నాచు నుంచి తీసే జెల్లీ లాంటి పదార్థం) కోసం. మీకు కావలసింది కట్టకోరై మాత్రమే. మరికొళుందు కలిసిన బస్తా వస్తే కొనకండి. అది పగడపు రాళ్లను పట్టుకుని పాకే సన్నటి పోగుల్లాంటి నాచు, చాలా నెమ్మదిగా తిరిగి పెరుగుతుంది. అగర్ ఫ్యాక్టరీలు దానికి ఎక్కువ ధర ఇస్తాయి కాబట్టి మీ బస్తాలోకి వచ్చిందంటే ఎవరో కింద ఉన్నదంతా ఏరకుండా ఊడ్చేశారని అర్థం.

కోత ఎలా జరిగిందనేది కోత ఎంత అన్నదానికంటే ముఖ్యం. కట్టకోరైకి అడుగున బిళ్లలాంటి పాదం ఉంటుంది. దానితోనే రాతిని అంటిపెట్టుకుంటుంది. దాని మీద పొట్టి కాండం, కాండం మీద ఏటా కొత్త కొమ్మలు. గోంగూర కోసినట్టు కొమ్మలు మాత్రం కోస్తే పాదం నుంచి మళ్లీ చిగురిస్తుంది. పీకితే పాదంతో పాటు దాని కింది పగడపు పెళ్ల కూడా ఊడి వస్తుంది. ఖాళీ అయిన రాయిని సన్నటి తీగ నాచు, బురద కప్పేస్తాయి. కట్టకోరై విత్తనం అక్కడ అతుక్కోలేదు. మరుసటి ఏడాది అదే చోట బరువు తూగదు, కోసేవాళ్లు ఇంకాస్త లోతుకు, దీవుల వైపుకు వెళ్తారు. అక్కడా తగ్గేసరికి లేత నాచు కోయడం మొదలవుతుంది. లేతదానిలో సరుకు తక్కువ, నీరు ఎక్కువ, కాబట్టి అదే కిలోకు ఇంకా ఎక్కువ మొక్కలు పోతాయి. నాచు పడక, అంటే నాచు గుబురుగా పెరిగే చోటు, ఖాళీ అయ్యేది ఈ వరసలోనే.

కాబట్టి మీ కొనుగోలు ఒప్పందంలో ఇలా రాయండి: కొడవలితో కోత, పాదం మీద కనీసం నాలుగు వేళ్ల కాండం వదలాలి, ఒక గుబురు కోస్తే పక్క గుబురు వదలాలి, ఇనుప గీకుడు పనిముట్లు వాడకూడదు. కొమ్మల పైభాగంలో, ఆకుల మొదట్లో చిన్న గింజల గుత్తుల్లాంటివి నిండుగా ఉన్నాయంటే అది విత్తన దశ. అప్పుడు కోత ఆపాలి, అవి రాలిపోయాక కోయాలి. గాలి బుడగలను చూసి విత్తనాలనుకోకండి. బుడగలు గుండ్రంగా, నునుపుగా, కొమ్మ పొడవునా ఉంటాయి. విత్తన గుత్తులు గరుకుగా, సన్నగా, ఆకు మొదట్లో గుంపుగా వస్తాయి.

ఒప్పందం రాస్తే సరిపోదు, బస్తా చూడాలి. మాధవరంలో లోడు దిగగానే ప్రతి పది బస్తాల్లో ఒకటి విప్పి, పైనుంచి కాకుండా నడిమి నుంచి అయిదారు గుప్పిళ్లు తీసి తెల్లగుడ్డ మీద పరవండి. కొమ్మ మొదలు చూడండి. ఏటవాలుగా శుభ్రంగా తెగి ఉంటే కోత. చివర నాణెంలాంటి గట్టి బిళ్ల, దానికి తెల్లటి పెళ్ల అతుక్కుని ఉంటే పీకుడు. ఆ తెల్ల పెళ్ల మీద వెనిగర్ చుక్క వేస్తే నురగ వస్తుంది, కానీ గవ్వ ముక్క మీదా వస్తుంది కాబట్టి దాన్నిబట్టి తేల్చకండి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద పెట్టండి. నక్షత్రం ఆకారంలో సన్నటి గుంతలు వరసగా కనిపిస్తే అది పగడం. గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే పులితో సమానమైన రక్షణలో ఉన్నాయి. పగడపు ముక్కలున్న బస్తా మీ గోడౌన్‌లో ఉండటమే మీకు ప్రమాదం. అలాంటి బస్తా విప్పిన చోటే ఫొటో తీసి, తూకం రాసి, వ్యాపారికి తిప్పి పంపండి.

అదే గుడ్డ మీద ఇంకో రెండు పరీక్షలు చేసుకోవచ్చు. కిలో నాచును దోమతెర లాంటి జల్లెడలో దులిపి రాలిన ఇసుక, గవ్వలు తూచండి. 50 గ్రాములు దాటితే ఆ మేరకు ధర తగ్గించే షరతు ముందే పెట్టుకోండి. తర్వాత 100 గ్రాములు తీసి ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర, బరువు ఇక తగ్గదు అనేవరకు ఆరబెట్టండి. పోయిన గ్రాములే తేమ శాతం. 20 దాటితే నిల్వలో బూజు పడుతుంది. పైన తెల్లటి పొడి కనిపిస్తే కంగారు పడకండి, నీటిలో కరిగితే ఉప్పు, కరగకుండా వాసన కొడితే బూజు. ఆరబెట్టడం ఇసుక మీద కాకుండా వల మీదో టార్పాలిన్ మీదో జరగాలి. ఒక్కసారి వానకు తడిసి మళ్లీ ఎండిన నాచులో పొటాష్, ఇంకా కరిగిపోయే పోషకాలు చాలావరకు కారిపోయి ఉంటాయి. అది చూడటానికి మరింత శుభ్రంగా, తేలిక రంగులో ఉంటుంది. కొత్తవాళ్లు మోసపోయేది అక్కడే.

ధర ఎప్పుడూ పచ్చి బరువు మీద మాట్లాడకండి. నాచులో 80 నుంచి 90 శాతం నీరే, అందులో వ్యాపారి ఎంతైనా ఆడుకోవచ్చు. దెబ్బ చివరికి ఏరిన ఆడవాళ్ల మీద పడుతుంది. ఇసుక ఉందని, తడి ఉందని వాళ్ల తూకంలోంచే కోస్తారు. ఎండు, శుభ్రమైన, పాదం లేని సరుకుకు కిలోకు కొంత ఎక్కువ ఇస్తానని సంఘంతో నేరుగా రాసుకోండి. పీకడం తగ్గేది అలా డబ్బు ముట్టినప్పుడే.

ఎంత కోయొచ్చు అన్నారు. కోసే చోటును కొలవకుండా ఆ అంకె ఎవరూ చెప్పలేరు, చెప్పినా నమ్మకూడదు. కొలిచే పద్ధతి కష్టమేమీ కాదు. ఒక్కో వైపు అర మీటరు ఉండే చదరపు ఫ్రేము పీవీసీ గొట్టంతో చేసుకుని, నాచు పడక మీద తాడు లాగి, తాడు పొడవునా సమాన దూరంలో 20 చోట్ల ఫ్రేము వేసి, అందులో ఉన్న నాచును కాండం వదిలి కోసి తూచాలి. బాగా పెరిగిన చోట్లే ఫ్రేము వేస్తే అంకె రెట్టింపవుతుంది. అందరూ చేసే పొరపాటు అదే. సగటున ఫ్రేముకు 600 గ్రాములు వచ్చిందనుకోండి. ఫ్రేము పావు చదరపు మీటరు కాబట్టి చదరపు మీటరుకు 2.4 కిలోలు. పడక 5,000 చదరపు మీటర్లుంటే మొత్తం 12 టన్నుల పచ్చి నాచు. కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్‌లో అక్కడి రాతి నాచుకు పెట్టిన పరిమితి కోయదగిన నిల్వలో 17 శాతం. ఆ లెక్క వేస్తే 2,040 కిలోల పచ్చిది. ఎనిమిది కిలోలకు ఒక కిలో ఎండుతుందనుకుంటే 255 కిలోలు. మీకు కావలసింది 10,000 కిలోలు. అంటే అలాంటి పడకలు దాదాపు 40 కావాలి. ఆ 17 శాతం చల్లటి నీళ్లలో నెమ్మదిగా పెరిగే వేరే జాతికి పెట్టింది, మన కట్టకోరైకి అచ్చంగా అదే వర్తించదు. అయినా మీ అవసరం, సముద్రం ఇవ్వగలిగింది ఏ దూరంలో ఉన్నాయో దీంతో తెలుస్తుంది.

లైసెన్స్ సరిగ్గా ఉన్న దేశాల్లో ఆ కాగితం మీద ఏముంటుందో తెలిస్తే ఏజెంటు మాటలు తూచడం సులువు. న్యూ బ్రన్స్‌విక్‌లో ఎంత శాతం అన్నదే కాదు, కోత రాయికి 5 అంగుళాల పైనే ఉండాలన్న నియమం కూడా ఉంది. నార్వేలో పెద్ద కెల్ప్ నాచును తీరం పొడవునా పట్టీలుగా విడగొట్టి, ఒక్కో పట్టీని అయిదేళ్లకు ఒకసారే తెరుస్తారు. స్కాట్లండ్ 2019లో చట్టం చేసి, మొక్క తిరిగి పెరగకుండా చేసే కెల్ప్ తీతను నిషేధించింది. అమెరికాలో మెయిన్ రాష్ట్ర సుప్రీంకోర్టు అదే ఏడాది, ఆటుపోట్ల మధ్య నేల మీది రాతి నాచు ఆ నేల యజమానిదే, అతని అనుమతి లేకుండా కోయరాదని తీర్పిచ్చింది. చోటు, జాతి, పనిముట్టు, ఎత్తు, ఎంత, ఎప్పటికి, కోసినదానికి లెక్క. ఇవి లేని కాగితం ఏ దేశంలోనైనా లైసెన్స్ కాదు.

ఇప్పుడు మీ మీద నేరుగా పడే చట్టం. జీవవైవిధ్య చట్టం, 2002లోని 7వ సెక్షన్ ప్రకారం, మన దేశపు కంపెనీ అయినా వ్యాపారానికి జీవ వనరును తీసుకునే ముందు రాష్ట్ర జీవవైవిధ్య బోర్డుకు తెలియజేయాలి. స్థానికంగా ఏరుకునే వాళ్లకు, పెంచేవాళ్లకు ఇందులో మినహాయింపు ఉంది. మీలాంటి తయారీదారుకు లేదు. వ్యాపారి దగ్గర కొన్నాను, నేను కొయ్యలేదు అంటే చెల్లదు. తమిళనాడు బోర్డు చెన్నైలోనే ఉంది. దేశం మొత్తానికి పైసంస్థ అయిన జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ కూడా మన తరమణిలోనే ఉంది. మీ సంస్థ విదేశీయుల నియంత్రణలో ఉన్నా, ద్రావణం మీద పేటెంట్ తీసుకోవాలన్నా ఆ ప్రాధికార సంస్థ దగ్గరికి వెళ్లాలి. 2025 నిబంధనల ప్రకారం ఏడాది టర్నోవరు 5 కోట్ల లోపు ఉంటే లాభాల వాటా (జీవ వనరును వ్యాపారానికి వాడుకున్నందుకు చెల్లించేది) కట్టక్కర్లేదు. దాటి 50 కోట్ల వరకు అమ్మకాల్లో 0.2 శాతం. కోటి దాటితే ఏ వనరు ఎంత వాడారో ఏటా వివరం ఇవ్వాలి. వాటా లేదు కదా అని సమాచారం ఇవ్వడం మానకండి. 2023 సవరణ తర్వాత జైలు శిక్ష తీసేశారు, కానీ లక్ష నుంచి 50 లక్షల వరకు జరిమానా పెట్టారు. నాచు మీద ఈ చట్టం ఎప్పుడో అమలైంది. బయటి నుంచి తెచ్చి మన తీరంలో సాగు చేసే కప్పాఫైకస్ నాచు ఎగుమతికి పెప్సికో సంస్థ 2007 ప్రాంతంలోనే ప్రాధికార సంస్థకు లాభాల వాటా కట్టింది.

బోర్డుకు వెళ్లేటప్పుడు చేతిలో ఉండాల్సింది మీ కొనుగోలు రిజిస్టరు. తేదీ, రేవు పేరు, సంఘం పేరు, నాచు తమిళ పేరు, శాస్త్రీయ నామం, ఎండు బరువు, ఇచ్చిన ధర, తిప్పి పంపిన బస్తాల లెక్క. కోత జరిగిన ఊరి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉంటుంది. తన పరిధిలో వ్యాపారానికి తీసేదాని మీద రుసుము వసూలు చేసే అధికారం 41వ సెక్షన్ దానికి ఇచ్చింది. కట్టి రసీదు తీసుకోండి. ఆ రసీదే మీ సరుకు ఎక్కడిదో చెప్పే గట్టి ఆధారం.

మీరు దుకాణదారు కాబట్టి ఇంకో మాట మీకు తెలిసే ఉండాలి, అయినా చెబుతాం. నాచు ద్రావణాన్ని ఎరువుగా కాక బయోస్టిమ్యులెంట్‌గా (మొక్క ఎదుగుదలను ప్రేరేపించే పదార్థంగా) చూస్తూ 2021 ఫిబ్రవరిలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985లో 20సి క్లాజు చేర్చారు. నాచు సారం అందులో ఒక వర్గం. కేంద్రం ఆమోదించి షెడ్యూల్లో చేర్చిన ఉత్పత్తినే తయారు చేయాలి, అమ్మాలి. రసాయన విశ్లేషణ, పొలంలో ఫలితాల పరీక్ష, విషగుణ పరీక్ష అడుగుతారు. పురుగుమందు అవశేషం ఉత్తర్వులోని పరిమితి దాటకూడదు. గోధుమ నాచు నీళ్లలోని ఆర్సెనిక్, కాడ్మియం, సీసం లాంటివాటిని ఒంట్లోకి పీల్చుకుంటుంది, కాబట్టి మొదటి బస్తా కొనే ముందే అయిదు కిలోల నమూనాను ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబులో భారలోహాలకు పరీక్ష చేయించండి. ఇదే కారణంగా ఎన్నూరు రాళ్ల మీద, అడయారు ముఖద్వారం దగ్గర పచ్చగా విరగకాసే నాచు జోలికి పోవద్దు. అది అంత బాగా పెరిగేది మురుగు నీటి నత్రజనితోనే. తుఫాను తర్వాత ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచును ఏరుకోవడం మొక్కకు హాని కాదు, కానీ దానిలో ప్లాస్టిక్, ఇసుక ఎక్కువ. జనవరి నుంచి ఏప్రిల్ దాకా చెన్నై తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి కాబట్టి ఆ నెలల్లో బీచి మీదికి ట్రాక్టరు దించనే కూడదు.

ఇదంతా చూశాక మేమిచ్చే సలహా, అడవి నాచుతో 10 టన్నుల లెక్క వేసుకోకండి. సాగు చేసిన కప్పాఫైకస్ కొనండి. రామనాథపురం జిల్లాలో పాక్ అఖాతం వైపు మహిళా సంఘాలు వెదురు తెప్పల మీద పెంచుతున్నాయి. పన్నెండు అడుగుల చదరపు తెప్పకు సుమారు 60 కిలోల విత్తన నాచు కడితే 45 రోజులకు నాలుగింతలవుతుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో అలలకు తెప్పలు నిలవవు కాబట్టి ఆ మూడు నెలలకు నిల్వ ముందే పెట్టుకోవాలి. మండపంలో ఉన్న సీఎస్‌ఎంసీఆర్‌ఐ (కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ) కేంద్రం పచ్చి కప్పాఫైకస్‌ను రుబ్బి, రసం వడగట్టి ద్రవ ఎరువుగా, మిగిలిన పిప్పిని క్యారగీనన్‌కు (ఆహారాన్ని చిక్కబరచే జిగురు) వాడే పద్ధతిని ఎప్పుడో తయారు చేసింది. దాని లైసెన్స్ గురించి అక్కడే అడగండి. రసం పచ్చి నాచు నుంచే తీయాలి, అంటే రుబ్బే పని తీరంలో జరగాలి. పచ్చి నాచును లారీలో మాధవరం తెస్తే దారిలోనే కుళ్లుతుంది. రసం మాత్రం డ్రమ్ముల్లో తెప్పించుకుని ఇక్కడ వడగట్టి, పరీక్షించి, నింపుకోండి. అడవి కట్టకోరై కావాలనుకుంటే మొదటి ఏడాది అర టన్నుతో, ఒకే సంఘంతో మొదలుపెట్టండి.

బావమరిదిగారికి ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పండి. కప్పాఫైకస్ లాభం చూసి ఆ విత్తనం తెచ్చి పులికాట్‌లో కట్టాలనిపించవచ్చు. అది మన సముద్రపు జాతి కాదు. మన్నార్ సింధుశాఖలోని కురుసడై దీవి దగ్గర బతికున్న పగడాలను కప్పేస్తోందని 2008లోనే శాస్త్రవేత్తలు రాశారు. దాని సాగును కొన్ని ప్రాంతాల నీళ్లకే పరిమితం చేస్తూ తమిళనాడు ప్రభుత్వం 2005 డిసెంబరులోనే ఉత్తర్వు ఇచ్చింది. పైగా పులికాట్ అభయారణ్యం. చిన్న ముక్క నీళ్లలో జారినా మళ్లీ మొక్కవుతుంది, కాబట్టి ప్రయోగానికి ఒక్క తాడు కూడా కట్టవద్దనండి.